గోడ అవతలికి

ఆ ఏడు పత్తి ఏరే కాలంలో మా వదిన దవాఖాన నుంచి ఇంటికి రాలేదు, చేనుకు వచ్చింది.

అన్న మాట్లాడుకొచ్చిన కారు ఊళ్లోకి తిరగకుండా పాలకుర్తి రోడ్డు మీదే ఆగింది. వదిన చేతిలో ప్లాస్టిక్ సంచితో దిగి, గెట్టు మీద నడుచుకుంటూ మా మోటరు కొట్టం వైపు వెళ్లింది. కొట్టం గుమ్మానికి అమ్మ పొద్దున్నే వేపమండలు కట్టింది. లోపల మంచం, నీళ్ల బిందె, ఒక పళ్లెం, ఒక గ్లాసు పెట్టించింది. వెనక వైపు అన్న తడకలు కట్టి స్నానానికీ, దొడ్డికీ చోటు చేశాడు. నేనూ అమ్మా శ్రేయా గెట్టుకు ఇవతలే నిలబడ్డాం. శ్రేయ మా అన్న కూతురు. ఏడో తరగతి. దాని మణికట్టును అమ్మ గట్టిగా పట్టుకుని ఉంది.

"జర దగ్గరికి పోత నాయినమ్మా."

"పోవద్దు బిడ్డా. మీ అమ్మ ఒంట్ల ఏడి ఉన్నది. చల్లబడ్డంక పోదువు."

"నేను ముట్టుకోను. చూసొస్త."

"గిక్కడికెళ్లి కనవడ్తలేదా?"

వదిన కొట్టం ముందు ఆగి వెనక్కి తిరిగింది. చేయి ఎత్తి ఊపబోయి, ఎందుకో సగంలోనే దించేసింది.

ఆ ఎండాకాలంలోనే వదిన గొంతులో గడ్డ బయటపడింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి తీసేశారు. మిగిలిపోయిన చెడ్డ కణాలను చంపడానికి దీపావళి తర్వాత అయోడిన్ మందు మింగించారు. అది మామూలు అయోడిన్ కాదు. మింగిన మనిషి ఒంట్లోంచి కొన్నాళ్లపాటు రేడియేషన్ వస్తుంది. అందుకని వదినను దవాఖానలో విడిగా ఒక గదిలో ఉంచి పంపించారు. ఫలానా తారీఖు దాకా పిల్లల దగ్గరికి వెళ్లవద్దనీ, ఇంట్లోనే వేరే గదిలో ఉంటే చాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ తారీఖు కార్తీక పున్నమికి ముందు రోజు.

అన్న ఈ మాటలన్నీ అమ్మకు చెప్పాడు. అమ్మ అందులోంచి రెండే పట్టుకుంది: పిల్లలకు దూరం, పున్నమి దాకా. మిగతాదంతా తనకు తెలిసిన పద్ధతిలో నింపుకుంది. ఒంటి మీద అమ్మవారు పోస్తే మా దగ్గర ఏం చేస్తారో అన్నీ చేసింది. వేపాకు, పసుపు నీళ్లు, ఇంట్లో తాలింపు బంద్. చప్పిడి పప్పు తినలేక అన్న రోజూ పాలకుర్తిలో మిర్చిబజ్జీలు తిని వచ్చేవాడు.

"ఇది అంటుకునేది కాదమ్మా," అన్నాను నేను.

"అంటుకోకపోతే దూరం ఎందుకుంచమన్నరే?"

నాకు జవాబు తెలుసు. కానీ అది ఒక్క ముక్కలో చెప్పగలిగేది కాదు. నేను జనగామలో డిగ్రీ పూర్తి చేసి ఇంటికొచ్చి ఏడాదైంది. ఫిజిక్స్ చదివానంటే మా ఊళ్లో ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు. ఉద్యోగం ఎప్పుడని మాత్రం అడుగుతారు. పొద్దునా సాయంత్రం వదినకు అన్నం తీసుకెళ్లడం నా పని అయింది. కొట్టానికి కొంచెం దూరంలో గిన్నె పెట్టి, ఆమె తినేదాకా గెట్టు మీద కూర్చునేదాన్ని.

శ్రేయ తల్లితో ఫోన్లో మాట్లాడవచ్చు. రెండు రోజులు మాట్లాడింది కూడా. ఆపరేషన్ తర్వాత వదినకు గొంతు పూర్తిగా రాలేదు, గాలితో కలిసిన గుసగుసే వచ్చేది. మూడో రోజు శ్రేయ ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"గది మా అమ్మ గొంతు కాదు," అంది.

ఆ సాయంత్రం అన్నం కూడా సరిగా తినలేదు. అరుగు మీద నా పక్కన కూర్చుని గోలీలు దొర్లిస్తూ ఉంది. కాసేపటికి అడిగింది.

"అత్తా, అమ్మ గొంతుల ఏమున్నది?"

"అయోడిన్."

"గది ఉప్పుల ఉంటది. మా సార్ చెప్పిండు. ఉప్పు తిన్నోల్లను చేన్ల పెడ్తరా?"

"ఇది వేరే తీరు అయోడిన్." ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించాను. "పరమాణువు అంటే ఎరికే కదా? మన చేను అంత పెద్ద పరమాణువు ఉన్నదనుకో. దాని నట్టనడుమ ఆవగింజంత గట్టి ముద్ద ఉంటది. మిగిలిందంత ఖాళీయే. ఆ ఆవగింజల ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఇరుకిరుకుగ ఉంటయి. ఉప్పులున్న అయోడిన్‌ల అవి కుదురుగ కూసుంటయి. అమ్మకిచ్చిన దాంట్ల న్యూట్రాన్లు ఎక్కువైనయి. అవి కుదురుగ ఉండలేవు."

"కొట్లాడుకుంటయా?"

"కొట్లాడుకోవు. ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గ మారిపోతది. మారేటప్పుడు కొన్నిటిని బయటికి ఇసిరేస్తది."

"వేటిని?"

"ఒకటి ఎలక్ట్రాన్. అది దూరం పోలేదు. సగం బియ్యపుగింజంత పోయి ఆగిపోతది. ఆగేలోపట పక్కనున్న చెడ్డ కణాలను చంపుతది. మందు అంటే అదే. ఇంకొకటి గామా. అది వెలుగు లాంటిదే, కాని మన కండ్లకు కనబడదు. అది ఒంట్లకెళ్లి బయటికొస్తది. దాని గురించే నిన్ను దూరం ఉండుమన్నరు. కరెంటు బుగ్గ నుంచి దూరం పోయినకొద్దీ వెలుగు పలచబడతది కదా, ఇదీ అంతే. పైగా వారానికి వారం సగం సగం తగ్గిపోతది."

"గంతేనా?"

"ఇంకొకటున్నది. న్యూట్రినో. దానికి యాంటీ అని ముందు ఇంకో పేరు తగిలించాలె గానీ, మనకిప్పుడు వద్దు."

"గదేం చేస్తది?"

"ఏం చెయ్యదు. పోతది."

శ్రేయ నన్ను అనుమానంగా చూసింది. "ఏం చెయ్యకపోతే, గదొకటి ఉన్నదని ఎట్ల తెల్సింది?"

ఆ ప్రశ్న దానికి అంత తొందరగా వస్తుందనుకోలేదు. అరుగు మీద ఒక గోలీ పెట్టి, రెండోదానితో కొట్టమన్నాను. కొట్టింది. ఇంకోసారి కొట్టమన్నాను.

"రెండే గోలీలుంటే, ఎంత జోరుగ కొడితే ఎంత జోరుగ పోవాలెనో ముందే చెప్పొచ్చు. ప్రతిసారి అట్లనే పోవాలె. కాని ఈ పరమాణువులు మారేటప్పుడు చూస్తే, ఎలక్ట్రాన్ ఒకసారి జోరుగ పోతది, ఒకసారి మెల్లగ పోతది. ఒక్కసారి కూడా లెక్క కుదరదు. కొంత జోరు తక్కువ పడ్తది. ఎటు పోయినట్టు?"

శ్రేయ గోలీలను చూసింది. అరుగు కిందికి వంగి కూడా చూసింది. "కనవడకుంట మూడోది పోయింది."

"ఒక పెద్దాయన అట్లనే చెప్పిండు. చెప్పినంక ఆయనకే పరేషాన్ అయింది, ఎవ్వలూ పట్టుకోలేనిదాన్ని ఉన్నదని చెప్పిన గదా అని. పట్టుకునేసరికి పాతికేండ్లు దాటింది. పెద్ద అణు రియాక్టర్ పక్కన నీళ్ల తొట్లు పెట్టి పట్టుకున్నరు."

"ఎన్ని దొరికినయి?"

"గంటకు రెండో మూడో."

"గంతేనా? పోయేటియి ఎన్ని?"

"కోట్ల కోట్లు."

"మరి మిగిలినయి?"

"తొట్లలోంచి పోయినయి. గోడలోంచి పోయినయి. అడ్డమొస్తే గుట్టలోంచి కూడ పోతయి. భూమికి ఈ పక్క దూరి ఆ పక్క ఎల్తయి. సూర్యుడిలోంచి ఇంకా ఎక్కువొస్తయి, రాత్రిపూట మన కాళ్ల కిందికెళ్లి పైకి..."

"సూర్యునియి వద్దు. అమ్మయి చెప్పు."

ఆగాను. శ్రేయ గోలీలు వదిలేసింది.

"మనుషులల్లకెళ్లి కూడ పోతయా?"

"పోతయి. మనకు తెల్వదు. మనల్ని ఏం చెయ్యవు."

"అయితే అమ్మ గొంతులకెళ్లొచ్చినయి నాలకెళ్లి పోతున్నయా? ఇప్పుడు?"

"పోతున్నయి."

"ఎన్ని?"

చేను మా ఇంటికి అర కిలోమీటరు. వదిన ఒంట్లో ఎంత మందు మిగిలి ఉంటుందో అంచనా వేసుకుని, వేళ్ల మీద కాసేపు లెక్క చూశాను. "గొంతులకెళ్లి బయటికొచ్చేటియి కోట్లు. కాని అన్ని దిక్కులకు పోతయి కదా. ఇంత దూరంల నీలోంచి పోయేటియి సెకనుకు పదో ఇరవయ్యో ఉంటయి."

"పదంటే తక్కువేం కాదు," అంది శ్రేయ.

లేచి చేను ఉన్న దిక్కుకు తిరిగి నిలబడింది. మధ్యలో మా గోడ, గోడకవతల పక్కింటి కొట్టం, ఆ తర్వాత చెట్లు ఉన్నాయి. భుజాలు వదులు చేసి, కళ్లు మూసుకుంది.

"ఏం తెలుస్తలేదు."

"తెల్వదు."

"అయినా."

మర్నాటి నుంచి శ్రేయ సాయంత్రం చదువుకునే చోటు మారింది. ఎప్పుడూ వాకిలి వైపు కూర్చునే పిల్ల గోడ వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. అన్నం మాత్రం తినేది.

"ఏందే, గోడకు మొకం పెట్టి కూసున్నవ్? సార్ కొట్టిండా?" అని అమ్మ అడిగితే, "ఊకెనే" అనేది.

ఆదివారం నాతో చేనుకు వచ్చింది. గెట్టు దాటనివ్వలేదు నేను. అక్కడే నిలబడి తల్లికి అంతా అరిచి చెప్పింది. వదిన అరవలేదు కాబట్టి చేతులతో అడిగింది: తన గొంతు ముట్టుకుని, వేలు శ్రేయ వైపు చూపించి, ఇటు నుంచి అటా అన్నట్టు. శ్రేయ రెండు చేతులతో తన పొట్టలోంచి వెనక్కి ఏదో దూసుకుపోయినట్టు చేసి చూపించింది. పక్క చేనులోంచి చూసినవాళ్లకు ఇద్దరికీ పిచ్చి పట్టిందనిపించి ఉంటుంది. వదిన నవ్వింది. చప్పుడు రాలేదు గానీ భుజాలు కదిలాయి.

గిన్నె తీసుకోవడానికి నేను దగ్గరికి వెళ్లినప్పుడు అడిగింది. "సింధూ, పోరి చెప్పేది నిజమేనా? నా మనసు నిమ్మలం చేయనీకి నువ్వే నేర్పినవా?"

"నిజమే వదినా."

వదిన గిన్నె మీద మూత పెట్టింది. "మంచిగుంది. గా ఒక్కదానికన్న అడ్డం లేదు," అంది.

ఆ వారం పత్తి ఒక్కసారిగా పగిలింది. మాకు ఎప్పుడూ ఏరేది సమ్మక్క జట్టే. పక్క ఊరి నుంచి తన ఆడవాళ్లందరినీ ఆటోలో ఎక్కించుకుని వస్తుంది. కొట్టానికి ఎడంగా ఉన్న చేను ముక్క అప్పటికే ఏరేశారు. మిగతాది ఏరాల్సిన రోజు పొద్దెక్కినా ఎవరూ రాలేదు. మంచు ఆరిపోయింది, పత్తి కొమ్మల మీద వేలాడుతోంది, ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాన పడితే పత్తి నల్లబడుతుంది. అన్న ఫోన్ చేస్తే సమ్మక్క ఎత్తలేదు. సాయంత్రానికి తనే ఇంటికి వచ్చింది.

"నర్సక్కా, కోపం జేసుకోకు. మా ఆడోళ్లు రామంటున్నరు."

మా అమ్మ పేరు వెంకటనర్సమ్మ. అందరికీ నర్సక్కే. "ఎందుకు రారు? నీళ్లు సరిగ ఇయ్యలేదా, మాట తూలినమా?"

"గవేం కావు. నీ మనవరాలే చెప్పింది, ఆటోల. బడికి పోయేటప్పుడు."

"ఏం చెప్పింది?"

"వాళ్లమ్మ గొంతులకెళ్లి సెకనుకు కోట్లకు కోట్లు ఎల్తయంట. గోడ ఆపదంట, గుట్ట ఆపదంట. మనుషులల్లకెళ్లి సూది దూరినట్టు దూరుకుంట పోతయంట. గట్లయితే నువ్వు కట్టిన యాపమండలు ఏం ఆపుతయే నర్సక్కా?"

తలుపు వెనక నుంచి శ్రేయ గొంతు వచ్చింది. "అవి ఏం చెయ్యవని కూడ చెప్పిన!"

"గది చెప్పేలోపట్నే దిగిపోయిన్రు బిడ్డా. మా మంగ్లీ అయితే తన స్టేజీ రాకముందే దూకింది. మిగిలిన దూరం నడిచిందంట."

నాకు నవ్వు రాబోయింది. అమ్మ మొహం చూసి ఆగిపోయాను. ఇక మాట్లాడక తప్పలేదు.

"సమ్మక్కా, పొటాష్ చల్లినవా ఎప్పుడన్న?"

"పొటాషా? మీ నాటుకు ఎవ్వలు చల్లుతున్నరు మరి ప్రతి ఏడు? నేనే."

"చేతితోనే?"

"చేతితోని. ఒళ్లె పోసుకొని."

"ఆ పొటాష్‌లకెళ్లి కూడ అవి వస్తయి. అది మక్కల ఉంటది, పప్పుల ఉంటది, అరటిపండుల ఉంటది. తింటం కదా, మన ఒంట్లకు కూడ వస్తది. వదినల ఇప్పుడు చాన ఉన్నయి, మనల్ల కొన్ని. కాని అందరిలోంచి పోతనే ఉంటయి. సెకనుకు వేలల్ల."

సమ్మక్క తన పొట్ట వైపు చూసుకుంది. "నాలకెళ్లా?"

"నీలోంచి, నాలోంచి, అమ్మలోంచి."

"ఓయమ్మో. గిన్నేండ్లు నా పక్కన పన్నడు గదా మా ఆయిన, ఏం గాలె." గట్టిగా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి నా వైపు చూసింది. "నువ్వు అబద్ధం చెప్పవు బిడ్డా, నాకెరికే. కని నేనొక్కదాన్ని నమ్మితే ఏం లాభం? సొంత అత్తనే ఇంట్లకు రానిస్తలేదు. గసొంటి మనిషి ఉన్న చేన్ల చెయ్యి పెట్టుమంటే నా ఆడోళ్లు ఎట్ల పెడ్తరు? నువ్వే చెప్పు."

అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. సమ్మక్క ఇంకో రెండు మాటలు మాట్లాడి, చాయ్ తాగకుండానే వెళ్లింది.

ఆ తర్వాత అమ్మ నాతో అన్నది ఒక్క మాటే. "ఎరికున్నదంత చెప్పుడేనా సదువంటే?"

శ్రేయ రెండు రోజులు ఆటోలో ఎవరితోనూ మాట్లాడలేదు.

పున్నమి వచ్చింది. అన్న డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు అమ్మకు వినబడాలని. ఇక ఏ అభ్యంతరమూ లేదు, పాపను దగ్గరికి తీసుకోవచ్చు, ఇంట్లో అందరితో పాటే ఉండవచ్చు అని ఆమె స్పష్టంగా చెప్పింది. ఫోన్ పెట్టేశాక అమ్మ బియ్యం చెరుగుతూనే ఉంది.

"వచ్చే అమాస దాక ఉండనీ," అంది.

"డాక్టరే చెప్పింది కదనే," అన్నాడు అన్న.

"డాక్టర్ దవాఖానల ఉంటది. పసిపిల్ల ఇంట్ల ఉంటది. పదిహేను రోజులకేం అయితది? నేను తోలేసిన్నా? అన్నం పెడ్తలేనా?"

అన్న నా వైపు చూశాడు. నేను శ్రేయ వైపు చూశాను. శ్రేయ చూపు చాట మీద ఉంది. చెరగడం అయిపోయిన బియ్యాన్నే అమ్మ మళ్లీ చెరుగుతోంది. అంతవరకూ అమ్మది మొండితనం అనుకున్నాను. అది మొండితనం కాదేమో అని అప్పుడు మొదటిసారి అనిపించింది. కానీ ఏమిటో తెలియలేదు. అన్న చెప్పులేసుకుని చేనుకు వెళ్లి ఆ మాట వదినకు చెప్పి వచ్చాడు. వదిన ఏమంది అని అడిగితే, "పత్తి సంగతేందని అడిగింది," అన్నాడు.

మర్నాడు శ్రేయ బడికి సెలవు. ఇద్దరం చాయ్ పట్టుకుని వెళ్లేసరికి కొట్టం ఖాళీగా ఉంది. వదిన చేను నడుమ ఉంది. పాత చీర ముక్కను ఒడిగా కట్టుకుని, రెండు చేతులతో పత్తి ఏరుతోంది. పక్క చేనులో సమ్మక్క జట్టు ఏరుతున్నారు. వాళ్ల చేతులు ఆడుతున్నాయి గానీ చూపులన్నీ ఇటే ఉన్నాయి.

శ్రేయ గెట్టు దగ్గర అలవాటుగా ఆగింది.

"అత్తా, గామా అయిపోయిందా?"

"డాక్టరమ్మ చెప్పింది కదా. ఉన్నది కొంచెమే. నిన్నేం చెయ్యదు."

"మరి పోనా?"

చుట్టూ చూశాను. అమ్మ లేదు. "పో," అన్నాను.

పరిగెత్తుతుందనుకున్నాను. పరిగెత్తలేదు. కొమ్మలు విరగకుండా పక్కకు జరుపుకుంటూ, సాలు వెంబడి నడిచింది. వదిన అలికిడి విని తలెత్తింది. చేతిలోని పత్తిని ఒడిలో వేయడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడింది. శ్రేయ దగ్గరికి వెళ్లి, తల పైకెత్తి, గొంతు మీద ఉన్న గీతను వేలితో ముట్టుకుంది.

"గిక్కడ్నా?"

"ఆఁ," అంది వదిన. గుసగుసే.

"నొస్తదా?"

"లేదు."

కాసేపటికి నేను చూసేసరికి వదిన తన కొంగు చింపి, శ్రేయకు చిన్న ఒడి కడుతోంది.

మేం ముగ్గురం రెండు సాళ్లు పూర్తి చేశాం. ఎండ ఎక్కాక అమ్మ సద్ది పట్టుకుని వచ్చింది. గెట్టు మీద గంప దించి, లెక్క చూస్తున్నట్టు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. తల్లీ కూతుళ్లు ఒకే చెట్టుకు అటూ ఇటూ నిలబడి ఉన్నారు. శ్రేయ చేతులు ఆగిపోయాయి. నేను తిట్ల కోసం ఎదురుచూశాను. పక్క చేనులో సమ్మక్క నడుం ఎత్తి ఇటే చూసింది.

అమ్మ భుజం మీది పాత చీర ముక్క తీసింది. నడుముకు చుట్టుకుంది. రెండు కొసలు మెడ వెనక్కి వేసుకుంది. మెడ వెనక ముడి ఎవరికి వాళ్లు గట్టిగా వేసుకోలేరు. పక్కనున్నవాళ్లు వేయాలి. నేను దగ్గరలోనే ఉన్నాను. అమ్మ నన్ను దాటుకుని వెళ్లి వదిన ముందు వీపు తిప్పి నిలబడింది.

"ముడి ఎయ్యి," అంది.

వదిన చేతులు చీరకు తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా ఒక్క క్షణం ఆగింది. తర్వాత అమ్మ జుట్టుముడి పక్కకు జరిపి, కొసలు కలిపి ముడి వేసింది. ఆమె వేళ్లు అమ్మ మెడకు తగలడం నేను చూశాను. అమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. అంతే. వంగి మొదటి కాయలోంచి పత్తి తీసింది.

పక్క చేనులోంచి సమ్మక్క కేక వేసింది. "ఓ నర్సక్కా! ముడి గట్టిగనే ఏసిందా నీ కోడలు?"

"మెడ ఇరిగేటట్టు ఏసింది. ఒచ్చి చూస్తవా?"

"చూస్త, చూస్త. ఈ సాలు అయిపోనీ."

అన్నాల తర్వాత వాళ్లు గెట్టు దాటి వచ్చారు. మంగ్లీ అందరికంటే వెనక వచ్చింది. శ్రేయకు కొంచెం దూరంలో సాలు పట్టింది.

"ఓ పోరి, గవి ఇప్పుడు నాలకెళ్లి పోతున్నయా?" అని అడిగింది.

శ్రేయ నా వైపు చూసింది. చెప్పనా అన్నట్టు. నేను తలూపాను.

"పోతున్నయి. కని నీయి కూడ నాలకెళ్లి పోతున్నయి," అంది శ్రేయ.

మంగ్లీ కాసేపు ఆలోచించింది. "సరే మరి. చెల్లుకు చెల్లు," అని ఏరడం మొదలుపెట్టింది. ఆ సాలులో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. ఆ మధ్యాహ్నం ఎవరిలోంచి ఎవరిలోకి ఏం పోతున్నాయో అని మొగుళ్ల మీదా అత్తల మీదా చాలా మాటలు నడిచాయి. అవన్నీ ఇక్కడ రాయలేను.

వాన పడలేదు. సాయంత్రం పత్తి మూటలు ట్రాలీలో వేసి అన్న ట్రాక్టర్ నడిపాడు. వదినా శ్రేయా మూటల మీద కూర్చున్నారు. వదిన కొట్టంలోంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ సంచి ఆమె ఒళ్లో ఉంది. శ్రేయ తల్లి భుజం మీద తల పెట్టి ఏదో చెబుతూనే ఉంది. నేనూ అమ్మా వెనక నడుస్తున్నాం.

ఊరి దారి పట్టాం. అమ్మ ట్రాలీ వైపే చూస్తూ అడిగింది.

"సమ్మక్కతోని అంటివి గదా. గవి నాలకెళ్లి గూడ పోతయని."

"పోతయమ్మా."

"ఇప్పుడేనా? చిన్నప్పుడు గూడనా?"

"పుట్టిన కాన్నుంచి."

ఇంకొంత దూరం నడిచాం.

"నాకొక చెల్లె ఉండె," అంది అమ్మ. "కొమురమ్మ."

అమ్మకు చెల్లెలు ఉండేదని నేనెప్పుడూ వినలేదు. అమ్మమ్మ ఇంట్లో కూడా ఎవరూ ఆ పేరు ఎత్తలేదు.

"తట్టు పోసింది దానికి. నాకు పొయ్యలే. నాకు అంటొద్దని దాన్ని మేకల కొట్టంల పండవెట్టిన్రు. గోడకు గీ దిక్కు నేను పండుకుంటుంటి. అక్కా, అక్కా అని పిలుస్తుండె. పోవద్దన్నరు. నేను పోలే." అమ్మ గొంతు మామూలుగానే ఉంది, కూర వండిన సంగతి చెబుతున్నట్టు. "మట్టి గోడ. గింత మందం ఉండె."

చేతితో మోచేయి దాకా చూపించింది. ట్రాక్టర్ చప్పుడు దూరమవుతోంది.

"గా గోడలకెళ్లి పోయినయా?"

ఇద్దరు చిన్నపిల్లలు, మధ్యలో మూరెడు మట్టి. లెక్క నాకు తెలుసు.

"పోయినయమ్మా. నీలకెళ్లి ఆమెలకు, ఆమెలకెళ్లి నీలకు. నువ్వక్కడ పండుకున్నంత సేపు, ఆగకుండ."

"దానికి తెల్సి ఉండదు."

ఇంకేదైనా చెప్పాలనిపించింది. చెప్పలేదు. "తెల్వదు," అన్నాను.

అమ్మ తలూపింది. "నాకు తెల్సింది గదా," అంది. కొంగు భుజాల నిండా కప్పుకుని, ట్రాలీని అందుకోవడానికి పెద్ద పెద్ద అడుగులు వేసింది.